చక్కెర మానేశాక ఏ తీపి వాడాలి? పాలమూరు నుంచి నా అనుభవం

తొడల మడతల్లో ఎర్రగా మంట, దురద. మందు రాస్తే తగ్గేది, ఆపితే మళ్లీ వచ్చేది. మహబూబ్‌నగర్‌లో చర్మవ్యాధుల డాక్టరమ్మకు చూపించుకుంటే, ఇది కాండిడా అనే ఈస్ట్ పని అని చెప్పి ముందు షుగర్ పరీక్ష రాశారు. హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల్లో రక్తంలో చక్కెర సగటు చెప్పే పరీక్ష, 6.2 వచ్చింది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ జబ్బుకు ముందు దశ. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్నవాళ్లను ఈస్ట్ తొందరగా వదలదట.

ఈస్ట్ లేని తిండి తింటే ఇది పోతుందని చాలామంది చెప్పారని అడిగాను. "చూడమ్మా, ఇన్ఫెక్షన్ తగ్గించేది మందు. తిండితోనే ఈస్ట్ చచ్చిపోతుందని గట్టి రుజువు లేదు. కానీ నీ రిపోర్టు చూస్తే చక్కెర తగ్గించడం మాత్రం తప్పదు" అన్నారు. నాకు ఆ మాట నచ్చింది. ఏ ఆశ పెట్టుకోవాలో, ఏది పెట్టుకోకూడదో తెలిసింది.

అయినా ఈస్ట్ వేసే బ్రెడ్డు, బన్ను, తీపి బేకరీ కేకులు మానేశాను, కష్టం కాలేదు. మా ఇంట్లో రాత్రిపూట జొన్నరొట్టే, దానికి పిండి పులియబెట్టే పనే లేదు. ఇడ్లీ పిండిని పులియబెట్టేది ఎక్కువగా బ్యాక్టీరియానే, కాస్త ఈస్ట్ ఉన్నా ఆవిరికి చచ్చిపోతుంది, తినొచ్చు అన్నారు డాక్టరమ్మ. అసలు టెన్షన్ అంతా తీపి దగ్గరే.

చుట్టాల్లో ఎవరిని అడిగినా "చక్కెర వద్దు, బెల్లం వాడు", "తేనె మంచిది", "తాటిబెల్లం ఏం చేయదు" అన్నవాళ్లే. బెల్లంలో ఇనుము, ఖనిజాలు కొంచెం ఉంటాయి, నిజమే. కానీ అందులో ఎక్కువ భాగం చక్కెరలో ఉండే సుక్రోజే. తాటిబెల్లం కూడా అంతే. తేనెలో దాదాపు 80 శాతం చక్కెరలే. రంగు మారినంత మాత్రాన రక్తంలోకి వెళ్లాక పెద్ద తేడా ఉండదు. ఈ మూడూ పక్కన పెట్టేశాను.

ఆ తర్వాత క్లాక్ టవర్ దగ్గర మెడికల్ షాపులో నిలబడి, చక్కెర బదులు వాడే తీపి పొడుల డబ్బాలు ఒక్కొక్కటి వెనక్కి తిప్పి చదివాను. ముందు వైపు ఆకుపచ్చ ఆకు బొమ్మ, పెద్ద అక్షరాల్లో స్టీవియా, అంటే ఓ మొక్క ఆకుల నుంచి తీసే తీపి. వెనక పదార్థాల జాబితాలో మొదటి పేరు మాల్టోడెక్స్‌ట్రిన్. ఏది బరువులో ఎక్కువో దాన్నే ముందు రాయాలని నియమం. అంటే ఆ పొట్లంలో ఎక్కువున్నది స్టీవియా కాదు, గంజిపిండి నుంచి తీసిన పొడి. అది రక్తంలో చక్కెరను మామూలు చక్కెర కన్నా వేగంగా పెంచుతుంది. టీలో వేసే ఒక్క పొట్లంలో ఒక గ్రాము ఉంటుందేమో, దానికి భయపడక్కర్లేదు. గిన్నెడు పాయసంలో చెంచాలకు చెంచాలు పోస్తేనే లెక్క మారుతుంది. కొన్ని డబ్బాల మీద పేర్లు కాక నంబర్లే ఉంటాయి, అందుకే చక్కెర బదులు వాడే తీపి పదార్థాల నంబర్లు ఫోన్‌లో రాసి పెట్టుకున్నాను: 951 ఆస్పర్టేమ్, 955 సుక్రలోజ్, 960 స్టీవియా, 965 మాల్టిటాల్, 967 జైలిటాల్, 968 ఎరిత్రిటాల్. "షుగర్ ఫ్రీ" అని రాసిన మిఠాయిల్లో, చాక్లెట్లలో 965 తరచూ కనిపిస్తుంది. అది చక్కెరంత కాకపోయినా రక్తంలో చక్కెరను పెంచుతుంది, ఎక్కువ తింటే కడుపు ఉబ్బరం. జైలిటాల్ కుక్కలకు విషం. మా ఇంట్లో కుక్క ఉంది, అందుకే గడప దాటనివ్వలేదు.

చివరికి తెచ్చుకున్నది ఎరిత్రిటాల్, విడిగా స్టీవియా చుక్కలు. ఎరిత్రిటాల్‌ను ఈస్ట్‌తోనే తయారుచేస్తారు కదా, ఎలా తింటావని మా మరిది అనుమానపడ్డాడు. గ్లూకోజును పులియబెట్టి తీసే మాట నిజమే. శుద్ధి చేసి స్ఫటికాలుగా మార్చాక అందులో ఈస్ట్ మిగలదు. ఒంట్లోకి వెళ్లినదాంట్లో చాలా భాగం మారకుండా మూత్రంలో పోతుంది.

అసలు పరీక్ష సద్దుల బతుకమ్మ నాడు. మలీద లేకుండా పండుగేంటి? సజ్జరొట్టె వేడిగా ఉన్నప్పుడే నలిపాను. ఎరిత్రిటాల్ గింజలు పంటికి తగలకుండా మిక్సీలో మెత్తగా పొడి చేశాను. చక్కెరతో పోలిస్తే దీని తీపి మూడింట రెండు వంతులే, అందుకని రెండు చుక్కల స్టీవియా కలిపాను. స్టీవియా ఎక్కువైతే గొంతులో చేదు మిగులుతుంది. బెల్లమైతే ముద్దను పట్టి ఉంచుతుంది, దీనికి ఆ జిగట లేదు. వేయించిన పల్లీలు నూనె ఊరేదాకా దంచి, వేడి నెయ్యితో కలిపితే ముద్ద నిలిచింది. అత్తమ్మ నోట్లో వేసుకొని, "గిదేంది బిడ్డా, నాలుకకు సల్లగ తాకుతుంది?" అంది. ఎరిత్రిటాల్ గుణమే అది, కరిగేటప్పుడు చల్లగా అనిపిస్తుంది. యాలకులు కాస్త ఎక్కువ దంచి వేస్తే ఆ చల్లదనం తేలిపోయింది. అరిసెల పాకానికి మాత్రం ఇది పనికిరాదు, చల్లారగానే మళ్లీ గింజ కడుతుంది.

2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బరువు తగ్గడానికి ఇలాంటి తీపి పదార్థాల మీద ఆధారపడొద్దని చెప్పింది. అందులో స్టీవియా ఉంది, ఎరిత్రిటాల్ లేదు. అదే ఏడాది వచ్చిన ఒక అధ్యయనంలో రక్తంలో ఎరిత్రిటాల్ ఎక్కువున్నవాళ్లకు గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనిపించాయి. దానివల్లే వచ్చాయని ఆ అధ్యయనం తేల్చలేదు. అయినా మా నాన్నకు గుండె జబ్బు ఉంది కాబట్టి ఆయన వాటా మలీదలో ఎరిత్రిటాల్ వేయను, రెండు ఖర్జూరాలు నలిపి వేస్తాను. నేను కూడా పండుగలకే వాడుతున్నాను. రోజూ తాగే టీలో తీపి కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వచ్చి, ఇప్పుడు ఏమీ వేసుకోవడం లేదు. బాలానగర్ సీతాఫలాలు బజారుకొచ్చినప్పుడు ఒక చిన్న పండు తింటాను, ఆ పూట రొట్టె ఒకటి తగ్గిస్తాను.

మందు కోర్సు పూర్తయింది, మడతలు పొడిగా ఉంచుకుంటున్నాను, దురద మళ్లీ రాలేదు. ఈమధ్య చేయించిన పరీక్షలో హెచ్‌బీఏ1సీ 5.8. మీరు డబ్బా కొనేటప్పుడు ముందున్న బొమ్మ చూడకండి, వెనక మొదటి పేరు చదవండి. అది మాల్టోడెక్స్‌ట్రిన్ గానీ, డెక్స్‌ట్రోజ్ (అంటే గ్లూకోజే) గానీ అయితే ఇంకో డబ్బా చూపించమని అడగండి.