చికాగో కుండీలో దానిమ్మ

చికాగోలో ఉంటున్న మా చెల్లెలి కొడుకు నిరుడు అక్టోబరులో, తన కుండీలో కాసిన తొలి దానిమ్మను వీడియో కాల్‌లో కోసి చూపించాడు. లేత గులాబి గింజ ఒకటి నోట్లో వేసుకోగానే పులుపుకు వాడి కళ్లు మూతపడ్డాయి. "పెద్దమ్మా, వారం రోజులు బల్ల మీద పెడితే తీపెక్కుతుందా?" అని అడిగాడు. ఎక్కదు. మామిడిని మాగబెట్టినట్టు దానిమ్మను మాగబెట్టలేము. తెంపిన నాటికి ఎంత తీపి ఉంటే అంతే.

చలికి చెట్టు పోతుందనే వాడు ఇన్నాళ్లూ బెంగపడ్డాడు. ఆకు రాల్చిన దానిమ్మ సున్నాకు దిగువన 10 డిగ్రీల వరకు ఓర్చుకోగలదు. చికాగో చలి అంతకు మించినా, కుండీని మంచు చొరబడని గ్యారేజీలో ఉంచి, మట్టి పూర్తిగా ఎండకుండా అప్పుడప్పుడు కాసిని నీళ్లు పోస్తే శీతకాలం గడిచిపోతుంది. తీపికి కావలసింది వేసవి నిడివి. పూత నిలిచాక కాయ పండడానికి రమారమి 5 నుంచి 6 నెలలు పడుతుంది, చివరి వారాల్లో ఎండ గట్టిగా తగిలితేనే గింజలో చక్కెర నిండుతుంది. అక్కడ జూన్ చివర విచ్చిన పువ్వుకు ఆ గడువు దొరకదు.

కాబట్టి మార్చిలోనే కుండీని ఎండ పడే కిటికీ దగ్గరికి చేర్చి చిగురు తెప్పించమని, మేలో మంచు భయం తీరాక దక్షిణపు ఎండ తగిలే ఇటుక గోడ పక్కన పెట్టమని చెప్పాను. అడుగున కూజాలా ఉబ్బిన పూలే కాయలవుతాయి, గంట ఆకారంలో ఉన్నవి రాలిపోతాయి. నాలుగైదు పిందెలకు మించి ఉంచవద్దన్నాను. వాడి మొక్క కొన్న పండు గింజ నుంచి మొలిచింది. గింజ మొక్కకు తల్లి తీపి వస్తుందన్న నమ్మకం లేదు గనుక, చలికి ఓర్చే సలావత్‌స్కీ రకం కొమ్మను కూడా నాటుకుంటే మంచిది.

హనుమకొండలో మా పెరటి భగువా రకం దానిమ్మ చెట్టుకు ఎండ కరువు లేదు, కానీ మే నెలలో నేను పాదుకు నీళ్లు సరిగ్గా పెట్టకపోవడంతో, మృగశిర వానకు గింజలు ఒక్కసారిగా ఉబ్బి, బిగిసిన తొక్క నిలువునా చీలి, చేతికందిన కాయలు చీమల పాలయ్యాయి. ఆ బాధ నాకింకా తగ్గలేదు.

ఈసారి కాయ గుండ్రదనం తగ్గి పక్కలు పలకలు తేలి, కిరీటపు రెక్కలు లోపలికి ముడుచుకునేదాకా తెంపవద్దని వాడికి గట్టిగా చెప్పాను. నిన్న పంపిన ఫొటోలో, కిటికీ పక్కన కొమ్మ చివర్లలో ఎర్రని చిగురు కనిపించింది.