క్రియాటినిన్ 1.1 అంటే నార్మలేనా? వార్డులో నా అనుభవం

వరంగల్‌లో మెడికల్ వార్డు డ్యూటీ అంటే ఎండాకాలమంతా క్రియాటినిన్ రిపోర్టులతోనే పని. క్రియాటినిన్ అంటే కండల నుంచి రక్తంలోకి వచ్చే వ్యర్థం; దాన్ని కిడ్నీలు వడగట్టి పంపేయాలి, అవి దెబ్బతింటే రక్తంలో పెరుగుతుంది. జ్వరమనో, వాంతులు విరేచనాలనో చేరిన పేషెంటుకు రెండో రోజో మూడో రోజో కిడ్నీలు దెబ్బతినడం కొత్తేం కాదు. దాన్ని ముందే పట్టుకోవాలంటే అడ్మిషన్ రోజే మొదలుపెట్టాలి.

ముందు పాత రిపోర్టు వెతుకుతాను. పరకాల నుంచో ములుగు నుంచో వచ్చినవాళ్ల కవర్లో, ఆరోగ్యశ్రీ కాగితాల మధ్య, తరచు ఒక పాత క్రియాటినిన్ దొరుకుతుంది. దాన్ని కేస్ షీటు మొదటి పేజీ మీదే రాస్తాను. బక్కపలచని ముసలమ్మకు ఒంట్లో కండ ఉండదు కాబట్టి మామూలుగానే 0.6 (డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో) ఉండొచ్చు. అది 1.1 అయినా ల్యాబ్ కాగితం మీద నార్మల్ లోపలే కనిపిస్తుంది, నిజానికి దాదాపు రెట్టింపైంది. 48 గంటల్లో 0.3 పెరిగినా, వారంలో ఒకటిన్నర రెట్లయినా కిడ్నీకి దెబ్బ తగిలినట్టే లెక్క.

తర్వాత గోలీలు. ఏం మందులు వాడుతున్నరంటే బీపీ, షుగర్ చెప్పి ఊరుకుంటారు. నొప్పుల గోలీని మందుగా లెక్కపెట్టరు. అందుకే విడిగా అడగాలి: "పెద్దమ్మా, మోకాళ్లకు ఏమన్న ఏస్కుంటున్నవా? ఊళ్లె సూది ఏపిచ్చుకున్నవా?" నొప్పుల మందు డైక్లోఫెనాక్ కిడ్నీలోకి రక్తం వచ్చే దారిని బిగిస్తుంది, బీపీ గోలీ టెల్మిసార్టాన్ బయటికి పోయే దారిని వదులు చేస్తుంది, మూత్రం ఎక్కువ పోయించే లాసిక్స్ ఒంట్లో నీరు తీసేస్తుంది. వీటికి విరేచనాలు తోడైతే ఇక వడపోతకు ప్రెషరే మిగలదు. డ్యూటీ డాక్టరుకు వెంటనే చెప్పాల్సింది ఇదే. అమికాసిన్ అనే యాంటీబయోటిక్ ఇంజెక్షన్ దెబ్బ మాత్రం చాలాసార్లు ఐదారు రోజులకు గానీ బయటపడదు, అప్పటికి అందరూ జ్వరం తగ్గిందని సంతోషంలో ఉంటారు.

క్రియాటినిన్ పెరగడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, మూత్రం అంతకంటే ముందే తగ్గొచ్చు. 50 కిలోల మనిషికి గంటకు 25 మి.లీ. రావాలి. ఆరు గంటలు కలిపి 150 కూడా రాలేదంటే డాక్టరును పిలవాల్సిందే. మూత్రం పైపుకు తగిలించిన సంచి మీద గీతలు నమ్మను, కొలత జగ్గులో పోసి చూస్తాను. పైపు లేని మగవాళ్లకు గీతలు పెట్టిన లీటరు బాటిలు, ఆడవాళ్లకు బెడ్‌పాన్. కొలవడానికని అందరికీ పైపు వేయకూడదు, ఇన్ఫెక్షన్ వస్తుంది. రాత్రి అటెండెంటు మారితే బాత్రూంలో పోయింది లెక్కలోకి రాదు. చార్టులో అంకె బదులు "పాస్డ్" (మూత్రం పోశారు) అని రాసి ఉంటే నాకు ఒళ్లు మండుతుంది.

సంచి ఖాళీగా ఉంటే ముందు పైపు మంచం పట్టీ కింద నలిగిందేమో, పొత్తికడుపు ఉబ్బిందేమో చూడాలి. పెద్ద వయసు మగవాళ్లలో ప్రోస్టేట్ అడ్డం పడొచ్చు.

మూత్రం రావట్లేదని సెలైన్ మీద సెలైన్ ఎక్కించడమూ ప్రమాదమే. ఆయాసం, కాళ్ల వాపు ఉంటే ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లో చేరతాయి. చుట్టాలు తెచ్చే కొబ్బరి నీళ్లతోనూ చిక్కే: కిడ్నీ పనిచేయనప్పుడు పొటాషియం బయటికి పోదు, పెరిగితే గుండె లయ తప్పుతుంది. ఆ బోండాలు అటెండెంట్లనే తాగమంటాను.

డిశ్చార్జ్ కాగితంలో ఆపిన బీపీ గోలీ మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో, క్రియాటినిన్ ఎప్పుడు చూపించుకోవాలో తేదీతో రాయించాలి. లేకుంటే ఇంటికెళ్లిన సాయంత్రమే పాత కవరు విప్పుతారు, అందులో నొప్పుల గోలీ కూడా ఉంటుంది.