పడవలెక్కడ మామా?

విశాఖ బీచ్‌లో కుర్సురా జలాంతర్గామిని చూసొచ్చినప్పటి నుంచి మా అక్క కొడుకు నన్ను నిలవనీయడం లేదు. 1969లో నేవీలో చేరి, 2001లో రిటైరై, ఒడ్డున ఇసుకలో కూర్చున్న ఆ ఇనప చేప కడుపులో వాడు వంగి వంగి తిరిగాడు. తిరుపతి రైలెక్కగానే మొదలుపెట్టాడు. "మామా, మన దగ్గర పడవల మ్యూజియం లేదా?" కొండా కోనేరూ తప్ప మనకు నీళ్లేడివిరా అని నోరు మూయించాను. ఆ మాట అబద్ధమని నాకూ తెలుసు. 2022లో జిల్లాలు మార్చినప్పుడు సూళ్లూరుపేట, తడ, వాటితో పాటు పులికాట్ సరస్సూ మనవైపుకే వచ్చాయి కదా.

ముందు చంద్రగిరి తీసుకుపోయాను. ఓడలకీ చంద్రగిరికీ ఏం సంబంధమని ఆటో అన్న అడిగాడు. రానూపోనూ నాలుగు వందలు పుచ్చుకున్న మనిషి, అడగనీ. తీరా పోతే శుక్రవారం, మ్యూజియానికి సెలవు. తెలిసీ మర్చిపోయాను. బయటే నిలబడి రాజమహల్ వైపు చెయ్యి చూపిస్తూ కథ చెప్పాను. 1620ల్లో ఇంగ్లీషువాళ్లు దుగరాజపట్నంలో గిడ్డంగి పెట్టుకుని చిన్న కోట కట్టుకున్నారు. ఆ చోటును ఆర్మగాన్ అనేవాళ్లు. మంచి బట్ట దొరికే రేవు వెతుక్కుంటూ అక్కడి ఇంగ్లీషు అధికారి ఫ్రాన్సిస్ డే దక్షిణానికి పోయాడు. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఇచ్చిన జాగాలోనే మద్రాసు కోట లేచింది. ఆ నాయకుడి పైన చంద్రగిరి రాయలు. అందుకే మద్రాసు జాగా రాసిచ్చిన కాగితం ఈ మేడలోనే పుట్టిందని మావాళ్లు చెప్పుకుంటారు. అంతా విని వాడు, "అయితే పడవేది?" అన్నాడు.

ఆదివారం తడకు పోయాం. శ్రీకాళహస్తి నుంచి బస్సులో నిలబడే ప్రయాణం, దాని గురించి రాసి మళ్లీ కోపం తెచ్చుకోను. భీములవారిపాళెం రేవులో, పులికాట్ మధ్య ఉన్న ఇరకం దీవికి పడవ అడిగితే, మా చెప్పులూ నా చేతిలో సెల్లూ చూసి ఒకాయన పదిహేను వందలన్నాడు. వెనక్కి తిరిగిపోదామనుకుంటుంటే, ఊరికి సరుకు వేసుకుపోతున్న ఇంకో పెద్దాయన పిలిచాడు. "మనిసికి యాబై ఇయ్యి సామీ, బియ్యం మూటల మింద కూచోండి."

కొంత దూరం పోయాక ఇంజను ఆపేసి గెడ పట్టుకున్నాడు. లోతెంత తాతా అని పిల్లోడు అడిగితే గెడ పైకెత్తి తడి గుర్తు చూపించాడు. వాడి నడుం దాకా కూడా లేదు. నాకు అప్పటిదాకా ఉన్న భయం పోయి సిగ్గేసింది.

ఆ తర్వాత గంటసేపు ఆయనే మాట్లాడాడు. వాళ్ల నాయన కాలవలో కట్టెల పడవ లాగినవాడట. కాలవంటే బకింగ్‌హామ్ కాలువ. 1806లో ఒక దొర మద్రాసు నుంచి ఎన్నూరు వైపు తవ్వించినదే పెరిగి పెరిగి ఇటు పెద్దగంజాం దాకా వచ్చింది. అక్కడ కృష్ణా కాలవలతో కలిసింది. 1876-78 నాటి ధాత కరువులో మద్రాసు దగ్గర మిగిలిపోయిన ముక్కను ఆకలిగొన్న జనం చేతే తవ్వించారు. ఇవన్నీ నేను చదివినవి. ఆయన చెప్పింది వేరు. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవాళ్లు, లేకుంటే గట్టు మీద నడుస్తూ తాడు భుజానేసుకుని లాగేవాళ్లు. "శ్రీహరికోట అడివి కట్టెలే సామీ మద్రాసు పొయ్యిల్లో మండింది. మా నాయన పొయ్యేదాకా కుడి బుజాన నిమ్మకాయంత కాయ ఉండె. పిలకాయలం దాన్ని నొక్కి ఆడుకునేవాళ్లం." తర్వాత లారీలొచ్చాయి, తుపాన్లు గట్లు తెంచాయి, 1969లో శ్రీహరికోటను రాకెట్ల కోసం తీసుకున్నారు.

2008లో ఈ కాలవను నాలుగో జాతీయ జలమార్గంలో కలిపారని నేను గొప్పగా చెబితే, గెడ ఆపకుండానే, "ఎవురికి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

దీవిలో వాళ్లింటి ముందు వేపచెట్టు కింద ఒక పొడుగాటి పలక, రెండు రాళ్ల మీద బెంచీలాగా వేసి ఉంది. అంచున వరసగా చీలల బెజ్జాలు. నాయన పడవదేనట, మిగిలింది అదొక్కటే. చేపల పులుసు అన్నం దాని మీదే కూర్చుని తిన్నాం. డబ్బులిస్తే ఆయన భార్య తీసుకోలేదు, కానీ పిల్లోడి చేతిలో ఎండు రొయ్యల పొట్లం పెట్టింది, అది బస్సంతా వాసనొచ్చింది.

వాడు ఆ బెజ్జాల్లో వేలు పెట్టి చూస్తూ, "తాతా, దీన్ని మ్యూజియంలో పెట్టొచ్చు కదా" అన్నాడు.

"పెడితే మేం యాడ కూచోవాల నాయనా?" అన్నాడాయన.