బ్రాడ్‌ఫర్డ్ మేస్త్రీ రెండో పెళ్ళి నాకు మాంచెస్టర్‌లో దొరికింది

మా ఆయనది ఇంగ్లాండే, మా అత్తగారు పుట్టి పెరిగింది యార్క్‌షైర్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో. ఆవిడకి చిన్నప్పట్నుంచి ఒక డౌటు, వాళ్ళ అమ్మమ్మ తండ్రి అంటే రాళ్ళు చెక్కే మేస్త్రీ, ఆయనకి భార్యలు ఒకరా ఇద్దరా అని. ఇంట్లో పెద్దవాళ్ళని అడిగితే మాట మార్చేసేవాళ్ళంట. నాకేమో ఇలాంటివి తవ్వడం పిచ్చి, సరే నేను చూస్తాలే అత్తయ్యా అన్నా.

అక్కడ జననం పెళ్ళి మరణం ప్రభుత్వ లెక్కల్లోకి ఎక్కడం 1837 జులై 1 నుంచి, సెన్సస్‌లో అందరి పేర్లూ రాయడం 1841 నుంచి. కానీ 1841 దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి, ఎవరు ఎవరికి ఏమవుతారో ఉండదు, 15 దాటినవాళ్ళ వయసులు చాలావరకు కింది ఐదో అంకెకి దించి (34 అయితే 30 అని) రాసేశారు. 1851 నుంచే అసలు మజా, చుట్టరికం, పెళ్ళయిందా లేదా, పని, పుట్టిన ఊరు అన్నీ ఉంటాయి. ఎప్పుడైనా తెలిసిన మనిషి దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెళ్ళాలి, అంతేగానీ ఎక్కడో ఒకేలాంటి పేరు కనపడింది కదా అని పట్టుకోకూడదు, యార్క్‌షైర్‌లో ఒకే పేరూ ఒకే ఇంటిపేరూ ఉన్న మగాళ్ళు వీధికొకడు ఉంటాడు.

1881లో మేస్త్రీ ఇంట్లో భార్య వయసు 34. 1871కి వెళ్తే భార్య వయసు 30, పేరు కూడా వేరే. పదేళ్ళలో నాలుగేళ్ళే పెరిగిందంటే సెన్సస్‌లో అది వింతేం కాదు, వయసులు ఇష్టమొచ్చినట్టు చెప్పేవాళ్ళు, కానీ పేరు మారింది కాబట్టి ఇద్దరు భార్యలే అనుకున్నా. జీఆర్‌ఓ అంటే జనన మరణాలు నమోదు చేసే అక్కడి ప్రభుత్వ ఆఫీసు, వాళ్ళ జననాల ఇండెక్స్‌లో ఇప్పుడు 1837 నుంచీ తల్లి పుట్టింటి ఇంటిపేరు కనిపిస్తుంది కదా, పిల్లలందర్నీ వరసగా వెతికా, ఎవరు ఏ తల్లి పిల్లలో తేలిపోతుందని. తీరా చూస్తే పెద్ద పిల్లాడి నుంచి ఆఖరి పిల్ల దాకా అందరికీ తల్లి పుట్టింటి పేరు ఒకటే! అత్తగారైతే ఒకే ఆవిడ అయ్యుంటుంది, పేరు రాసుకున్నవాడు పొరపాటు పడ్డాడు అనేశారు. కానీ మొదటావిడ మరణం కూడా ఇండెక్స్‌లో దొరికింది, 1874లో, అదే ఊళ్ళో, వయసు కూడా సరిపోయింది.

అప్పుడు మళ్ళీ 1871 పేజీ తెరిచి కింద దాకా చదివా. పిల్లల పేర్లు అయిపోయాక ఆఖరి లైన్లో ఇంకో మనిషి ఉంది. భార్య చెల్లెలు, పెళ్ళి కాలేదు, 24 ఏళ్ళు, ఉన్ని మిల్లులో నూలు వడికే పని. పేరు చూస్తే 1881లో భార్య పేరే.

మనకి ఇందులో ఏముంది, అక్క పోతే పిల్లల్ని సరిగ్గా చూసుకుంటుందని చెల్లెల్నే ఇచ్చి చేయడం మన ఊళ్ళల్లో మామూలే, పెద్దవాళ్ళే కూర్చుని మాట్లాడేస్తారు. ఇంగ్లాండ్‌లో మాత్రం 1835 చట్టం ప్రకారం చనిపోయిన భార్య చెల్లెల్ని చేసుకుంటే ఆ పెళ్ళి చెల్లదు, పుట్టిన పిల్లలు అక్రమ సంతానం కింద లెక్క. అదే విక్టోరియా మహారాణి తన మేనమామ కొడుకు ఆల్బర్ట్‌ని 1840లో చేసుకుంది, దానికి ఏ అడ్డూ లేదు, ఏం లాజిక్కో వాళ్ళది. డబ్బున్నవాళ్ళు దేశం దాటి చేసుకునేవాళ్ళు, పెయింటర్ హోల్మన్ హంట్ అలాగే 1875లో స్విట్జర్లాండ్ వెళ్ళి మొదటి భార్య చెల్లెల్ని పెళ్ళి చేసుకున్నాడు. రాళ్ళు కొట్టుకునేవాడికి స్విట్జర్లాండ్ ఎక్కడిది?

బ్రాడ్‌ఫర్డ్‌లో ఆ పెళ్ళి ఎంత వెతికినా లేదు. 1912కి ముందు పెళ్ళిళ్ళ ఇండెక్స్‌లో జంటని పక్కపక్కన చూపించరు, ఇద్దరి పేర్లూ విడివిడిగా వెతికి ఒకే మూడు నెలల్లో వాల్యూమ్ నంబరూ పేజీ నంబరూ కలిశాయా చూసుకోవాలి. ఫ్రీబీఎండీ అని ఈ ఇండెక్స్‌లు ఉచితంగా వెతికే వెబ్‌సైట్ ఉంది, అందులో ఊరు పేరు తీసేసి ఇద్దర్నీ అలా వెతికితే 1876లో మాంచెస్టర్, 8డి వాల్యూమ్, పేజీ కూడా ఒకటే. పెళ్ళి సర్టిఫికెట్ మాత్రం కాయితం మీదే పోస్టులో వస్తుంది, మొదటి పెళ్ళిదీ రెండోదీ రెండూ తెప్పించా.

వచ్చాక రెండూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టాం. రెండిట్లోనూ పెళ్ళికూతురి తండ్రి పేరు ఒకటే, పని ఉన్ని దువ్వడం, రెండో దాంట్లో పక్కన చనిపోయారు అని ఉంది. మాంచెస్టర్ది రిజిస్టర్ ఆఫీసు పెళ్ళి, ఇద్దరి అడ్రసూ ఒకే వీధి, ఆ ఊళ్ళో వారం రోజులుగా ఉంటున్నామని చెప్తే పెళ్ళి నోటీసు ఇచ్చుకోవచ్చు, ఎవరూ ఎరగని చోట అభ్యంతరం చెప్పేదెవరు. మొదటి పెళ్ళి సాక్షుల్లో రెండోది సంతకం బదులు పెట్టిన ఒక ఇంటూ గుర్తు, పక్కన చెల్లెలి పేరు. అత్తగారు ఆ గుర్తు మీద వేలు పెట్టి "అంటే నేను ఈవిడ మనవరాలి కూతుర్నా" అన్నారు, ఎందుకంటే వాళ్ళ అమ్మమ్మ పుట్టింది 1882లో.

1907లో చట్టం మార్చారు, అంతకుముందు జరిగిన ఇలాంటి పెళ్ళిళ్ళు కూడా చెల్లుతాయన్నారు. 1911 సెన్సస్ ఫారం ఇంటి యజమాని స్వయంగా నింపిందే ఇంకా ఉంది, అందులో పెళ్ళయి ఎన్నేళ్ళు అన్నచోట ముసలాయన 34 అని ధైర్యంగా రాశాడు, పిల్లల లెక్కలో మాత్రం అక్క పిల్లల్నీ కలిపేశాడు, ఎవరో దాన్ని కొట్టేశారు.

ఇప్పుడు ఆ అక్కాచెల్లెళ్ళ తండ్రి వెంట పడ్డా. 1851 సెన్సస్‌లో ఆయన పుట్టిన చోటు ఐర్లాండ్ అని ఒక్క ముక్కే రాసుంది, ఏ ఊరో లేదు. అక్కడి పాత సెన్సస్‌లు చాలావరకు 1922లో డబ్లిన్‌లో కాలిపోయాయి, మిగతావి అంతకుముందే ప్రభుత్వమే నాశనం చేసేసింది, కాబట్టి ఎక్కువగా చర్చి రిజిస్టర్లే దిక్కు, అవి కూడా ఊరు తెలిస్తేనే పనికొస్తాయి.