జీతం స్లిప్ లేనివాళ్లకి ఇంటి లోన్ ఎవరిస్తారు?

కెన్యాలో ఐదు కోట్లకు పైగా జనం ఉన్నారు. బ్యాంకుల దగ్గరున్న ఇంటి లోన్లు మాత్రం దేశం మొత్తమ్మీద 30 వేల చుట్టూనే తిరుగుతున్నాయి. మరి నైరోబీలో ఎవరూ ఇళ్లు కట్టుకోవట్లేదా అంటే, కట్టుకుంటూనే ఉన్నారు. బ్యాంకు గడప తొక్కకుండా కట్టుకుంటున్నారు, అంతే.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. 20 లక్షల షిల్లింగులు, 20 ఏళ్లకి, 13 శాతం వడ్డీతో తీసుకుంటే నెలకి దాదాపు 23,400 కట్టాలి. అదే 9 శాతం అయితే 18 వేలు. తేడా పెద్దదే, కానీ గికోంబా మార్కెట్లో పాత బట్టలు అమ్మేవాళ్లకి, బోడా బోడా అనే టాక్సీ బైకు తోలేవాళ్లకి ఆ 18 వేలు కూడా ఏ నెలకానెల గ్యారంటీగా చేతికొచ్చే డబ్బు కాదు. ఒక నెల బాగా వస్తుంది, ఇంకో నెల పిల్లల ఫీజులకే సరిపోదు. బ్యాంకేమో జీతం స్లిప్ అడుగుతుంది, స్థలం పట్టా అడుగుతుంది. ముకురు, మథారే లాంటి నైరోబీ బస్తీల్లో చాలామంది దగ్గర ఆ రెండూ ఉండవు.

అందుకే అక్కడ ఇల్లు ఒక్కసారిగా లేవదు. ముందు స్థలం, తర్వాత ఒక గది, దానిమీద రేకులు. చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడు రాళ్లు కొని పక్కన పేర్చుకుంటారు, పై అంతస్తు ఎప్పటికైనా వేద్దామని పిల్లర్ల ఇనుప చువ్వలు పైకి అలాగే వదిలేస్తారు. పది మంది కలిసి నడుపుకునే చామాలనే పొదుపు గుంపులు, సాకో అనే పొదుపు సహకార సంఘాలు ఈ పనికి డబ్బు సర్దుతుంటాయి. నా దృష్టిలో అసలైన హౌసింగ్ ఫైనాన్స్ ఇదే, దీన్ని పక్కనపెట్టి 20 ఏళ్ల లోన్ చుట్టూనే పథకాలన్నీ అల్లడం నాకు నచ్చదు.

2018లో పెట్టిన కెన్యా మార్ట్‌గేజ్ రీఫైనాన్స్ కంపెనీ మంచి పనే చేస్తోంది, కాదనను. బ్యాంకులకీ సాకోలకీ 5 శాతానికి డబ్బిస్తే, వాళ్లు పది శాతం లోపు వడ్డీకి ఇళ్ల లోన్లు ఇవ్వాలని దాని ఏర్పాటు. కానీ వడ్డీ తగ్గినంత మాత్రాన లోన్ అందేది ఎక్కువగా నెలజీతం వాళ్లకే. రేకులు మార్చుకోవడానికి, ఒక గది కలుపుకోవడానికి రెండు మూడేళ్లలో తీర్చేసే చిన్న మొత్తం కావాలి, ఆ వైపు ఇంకా ఎవరూ గట్టిగా చూడట్లేదనిపిస్తుంది.

అద్దె ఇళ్లలోనూ ఇదే గోల. ఘనా రాజధాని అక్రాలో ఏడాది, రెండేళ్ల అద్దె ముందే కట్టమంటారు, ఆరు నెలలకి మించి అడగకూడదని 1963 నాటి చట్టం చెప్తున్నా సరే. అంత డబ్బు ఒక్కసారిగా తేవాలంటే అప్పే గతి, అంటే సొంతిల్లు సంగతి తర్వాత, అద్దెకి దిగడానికే లోన్ కావాల్సి వస్తోంది.

మొరాకో మాత్రం రెండు దశాబ్దాల కిందటే ఫోగారిమ్ అని ఒక గ్యారంటీ ఫండ్ పెట్టింది. ఆదాయం నిలకడగా లేనివాళ్లు లోన్ కట్టలేకపోతే బ్యాంకుకొచ్చే నష్టంలో పెద్ద భాగం ఆ ఫండ్ భరిస్తుంది, దాంతో బ్యాంకులు చిల్లర వ్యాపారులకీ కూలీలకీ లోన్లివ్వడానికి ముందుకొచ్చాయి. నైరోబీలో చిన్న లోన్లకి కూడా ఇలాంటిదొకటి పెట్టి, జీతం స్లిప్ బదులు సాకోలో ఏళ్ల తరబడి దాచుకున్న లెక్క, ఫోన్‌లోనే డబ్బు పంపుకునే ఎం-పెసాలో రోజూ నడిచే లావాదేవీలు చూసి ఇవ్వొచ్చు కదా. ఆ వివరాలన్నీ వాళ్ల ఫోన్లలో ఇప్పటికే ఉన్నాయి.