ఫిల్టరు కడిగినావా?

అనంతపురం, 13 జులై 2025, ఆదివారం.

ఆషాఢ గాలికి కిటికీ రెక్కలు కొట్టుకుంటుంటే లేచి గడియ వేసి వచ్చేసరికి, అక్క కొడుకు అప్పటికే కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. వాడు ఇంటర్ రెండో సంవత్సరం. ఆదివారం మా ఇంటికి రావడానికి మేనమామ ఒక కారణమైతే ఈ కంప్యూటర్ రెండో కారణం. ఏది పెద్దదో నేనెప్పుడూ అడగలేదు. పది నిమిషాలు ఆడి, మౌసు పక్కకు తోసి, "మామా, ఇంగ దీని పని అయిపోయింది. కార్డు మార్చాల్సిందే" అని తీర్పు చెప్పాడు.

నిజానికి నేనూ మనసులో ఆ తీర్పుకే వచ్చి ఉన్నాను. ముప్పై వేలలో ఏ గ్రాఫిక్స్ కార్డు వస్తుందో రెండు వారాలుగా రాత్రిపూట చూస్తూనే ఉన్నాను. ఈ కంప్యూటర్‌ను 2015లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, నెలకో భాగం చొప్పున కొని కూర్చుకున్నాను: ఇంటెల్ కోర్ ఐ5-4460 ప్రాసెసర్, ఎనిమిదేసి జీబీల డీడీఆర్3 ర్యామ్ స్టిక్కులు రెండు, ఒక టెరాబైట్ హార్డ్ డిస్కు. 2017లో పాత కార్డు తీసేసి ఆరు జీబీల జీటీఎక్స్ 1060 పెట్టాను. 2019లో, హార్డ్ డిస్కు కంటే చాలా వేగమైన 120 జీబీల ఎస్‌ఎస్‌డీ ఒకటి చేర్చి విండోస్‌ను దానిలోకి మార్చాను. మేము ఆడే జీటీఏ 5 పీసీకి వచ్చింది 2015 ఏప్రిల్‌లోనే కాబట్టి, ఆటకూ యంత్రానికీ ఒకే వయసు.

నన్ను తొలిచినది ఆ సంగతే. అప్‌డేట్లతో ఆట కొంత బరువెక్కిందనుకున్నా, మూడేళ్ల కిందట ఇదే కార్డు మీద, ఇవే సెట్టింగులతో సాఫీగా నడిచిన ఆట ఇప్పుడు కుంటడానికి అది చాలదు. వయసు మీద పడితే మనిషి నెమ్మదిస్తాడు గానీ చిప్పు నెమ్మదించదు. పాడైతే ఆగిపోతుంది, లేదా తప్పుడు లెక్కలు చేసి కంప్యూటర్‌ను కూలేస్తుంది, అంతేగానీ మొదటి రోజు సెకనుకు ఎంత లెక్క చేసేదో అందులో సగమే చేస్తానని మొరాయించదు. కాబట్టి దారిలో ఎక్కడో ఏదో అడ్డుపడి ఉండాలి. కొత్త కార్డు కొనేముందు ఆ అడ్డును ఒక్కసారి కళ్లతో చూడాలనిపించింది.

జబ్బు లక్షణాలు ఇవి. ఆటలో ఎడారి రోడ్డు మీద బండి హాయిగా పోతుంది. నగరంలోకి వచ్చి, జనమూ కార్లూ ఎక్కువయ్యేసరికి బొమ్మ నీరసిస్తుంది. అది చాలదన్నట్టు, వేగంగా పోతున్నప్పుడు ఐదారు సెకన్లకొకసారి అంతా బిగుసుకుపోయి, అర సెకను తరువాత ఉలిక్కిపడ్డట్టు కదులుతుంది. ఈ రెండింటికీ మూలం ఒకటే అనుకోవడం నేను చేసిన మొదటి పొరపాటు.

ముందుగా, కంప్యూటర్ లోపలి కొలతలు చూపే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్‌ను తెరిచి, ఆట నడుస్తుండగా తెర మూలన అంకెలు కనిపించేటట్టు పెట్టాను: కార్డు వాడకం, కార్డు వేడి, ప్రాసెసర్‌లోని లెక్కలు చేసే నాలుగు కోర్ల వాడకం విడివిడిగా, వాటి వేగం, వేడి, వాడుతున్న ర్యామ్, ఒక్కో బొమ్మ తయారుకావడానికి పట్టిన వ్యవధి. సెకనుకు 60 బొమ్మలు (ఫ్రేములు) రావాలంటే ఒక్కోదానికి దక్కేది 16.7 మిల్లీసెకన్లు. ఆ కొద్ది వ్యవధిలో ఏ కారు ఎక్కడుంది, ఏ మనిషి ఎటు నడుస్తున్నాడు అన్న లెక్కంతా ప్రాసెసర్ తేల్చి ఇస్తే, కార్డు దానికి రంగులు పూసి తెరకు పంపుతుంది. ఇద్దరిలో ఎవరు ఆలస్యం చేసినా రెండోవారు చేతులు కట్టుకుని నిలబడవలసిందే. తెర మీద ఫలితం ఒకేలా ఉంటుంది కాబట్టి, ఆడేవాడికి తప్పు ఎవరిదో తెలియదు.

జీటీఏ 5లో బెంచ్‌మార్క్ అనే పరీక్ష ఆటలోనే ఉంది. ప్రతిసారీ అవే దృశ్యాలు నడుస్తాయి కాబట్టి పోల్చడానికి అది మేలు. దాన్ని 1920×1080 చుక్కల కొలతలో నడిపితే సగటున సెకనుకు 47 బొమ్మలు వచ్చాయి. తరువాత 1280×720కి దించి మళ్లీ నడిపాను. మొదటి కొలతలో కార్డు పూయవలసిన చుక్కలు ఒక్కో బొమ్మకు 20 లక్షల పైచిలుకు. రెండోదానిలో 9 లక్షల పైచిలుకు మాత్రమే. కార్డే అడ్డమైతే, దాని బరువు సగానికి పైగా దించినందుకు బొమ్మల సంఖ్య ఎగిరి గంతేయాలి. వచ్చింది 49. కార్డు వాడకం 50 శాతం దగ్గరే ఊగుతూ ఉంది.

"రేయ్, నువ్వు అమ్మేయమన్న కార్డు సగం సేపు ఖాళీగా కూర్చోని ఉండాది, చూడు" అంటే, వాడు తెర వైపు, నా వైపు మార్చి మార్చి చూసి, "అంకెలు తప్పేమో మామా" అన్నాడు. ముప్పై వేలు మిగిలాయన్న సంతోషం నాకు, కొత్త కార్డు పోయిందన్న దిగులు వాడికి.

టాస్క్ మేనేజర్ తెరిస్తే హార్డ్ డిస్కు 100 శాతం దగ్గర నిలిచి ఉంది. దొంగ దొరికాడనుకున్నాను. పాత డిస్కు, తిరిగే పళ్లెం, పదేళ్ల అరుగుదల. నేరం మోపడానికి ఇంతకంటే అనువైనవాడు ఎవరు? అయితే పక్క పేజీలో మెమరీ అంకె చూసి ఆగిపోయాను. మొత్తం 8 జీబీ అని ఉంది. నేను పెట్టింది 16. రెండు స్టిక్కులలో ఒకటి ఎప్పటినుంచో కంప్యూటర్‌కు కనిపించడమే లేదు. ఎన్ని నెలలుగానో చెప్పడానికి నా దగ్గర ఆధారమే లేదు, ఎందుకంటే ఆ పేజీ తెరిచి చూసిన పాపాన పోలేదు. ఆట, బ్రౌజర్, వాడి చాటింగ్ యాప్ కలిసి ఆ ఎనిమిదింటినీ నింపేయగా, పట్టనిదాన్ని విండోస్, ర్యామ్‌కు బదులుగా డిస్కులో వాడుకునే పేజ్ ఫైల్‌లోకి తోస్తోంది. ఆ పేజ్ ఫైల్‌ను, 2019లో ఎస్‌ఎస్‌డీ చిన్నది కదా అని, హార్డ్ డిస్కు ఉన్న డీ డ్రైవ్‌కు మార్చిన మహానుభావుడిని నేనే. డిస్కు దొంగ కాదు, కూలివాడు. మోయలేనంత బరువు ఎత్తించింది వేరొకరు. ఐదారు సెకన్లకొకసారి బిగుసుకుపోవడం దీనివల్లనే.

సగటు 47 దగ్గరే ఉండడానికి మాత్రం ఇది సరిపోయే కారణం కాదు. కోర్ల వైపు చూస్తే నాలుగూ 95 శాతానికి పైనే పనిచేస్తున్నాయి గానీ, వాటి వేగం 3.2 గిగాహెర్ట్జ్ ఉండవలసింది, పరీక్ష మొదలైన రెండు నిమిషాలకే 2.3కి, ఒక్కోసారి 2.1కి పడిపోతోంది. పక్కన వేడి: 99, 100, 99. ఆ తరం ఇంటెల్ ప్రాసెసర్లకు 100 డిగ్రీలు లక్ష్మణరేఖ. అది తగిలితే కాలిపోకుండా తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. వాడకం శాతాన్ని మాత్రమే చూసేవారికి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు, ఎందుకంటే నెమ్మదించిన కోరు కూడా నూరు శాతం పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది.

అంతలో కరెంటు పోయింది. ఈ గాలికి ఎక్కడో తీగలు తగిలి ఉంటాయి. చీకటి తెర ముందు కూర్చుని ఉండగా నార్పల దగ్గర మా ఊరి నుంచి నాయన ఫోన్ చేశాడు. చీనీ (బత్తాయి) తోటలో చివరి సాలు చెట్లకు డ్రిప్పు నీళ్లు అందక, మోటారు పెద్దది వేయించుకోమని మెకానిక్ చెప్పిపోయాడట. నాయన ఒప్పుకోక, ఫిల్టరుకు ముందున్న గేజీ, వెనకున్న గేజీ రెండూ చూశాడు. ముందర ఒత్తిడి బాగానే ఉంది, వెనక లేదు. జాలీ విప్పి కడిగితే చివరి చెట్టు దాకా నీళ్లు పోయాయి. తరువాత, నేనేం చేస్తున్నానని అడిగాడు. కంప్యూటర్ నెమ్మదించిందనీ, యాడ అడ్డు పడిందో చూస్తున్నాననీ చెప్పాను.

"ఫిల్టరు కడిగినావా?"

"కంప్యూటర్‌కు ఫిల్టరు ఉండదు నాయనా."

"గాలి పోతాది గదా లోపలికి? పోయేకాడ ఏదో ఒకటి ఉంటాది, విప్పి సూడు."

క్యాబినెట్ పక్క రేకు విప్పాను. ప్రాసెసర్ మీది ఫ్యాన్ పైకి బాగానే కనిపించింది. టార్చి వేసి రెక్కల సందులోంచి చూస్తే, ఫ్యాన్‌కూ హీట్ సింక్‌కూ నడుమ బూడిద రంగు కంబళి పరిచినట్టు ఉంది. మా ఎర్రమట్టి దుమ్ము, దూది పోగులు, తల వెంట్రుకలు అన్నీ కలిసి గట్టిపడి, వేడిని లాగి గాలికి వదిలే హీట్ సింక్ అల్యూమినియం రేకుల సందులను ఒక్కటి కూడా వదలకుండా మూసేశాయి. ఫ్యాన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగితేనేం, గాలి ఆ కంబళిని దాటిపోతే కదా! నాయన మాట అంత తొందరగా నిజం కావడం నాకు కొంచెం చిన్నతనంగా కూడా అనిపించింది.

వాడు సైకిల్ పంపు పట్టుకొచ్చి, అన్నీ ఒకేసారి శుభ్రం చేసేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. రెండు అడ్డులను ఒక్కసారే తీసేస్తే ఏది ఎంత ఆపిందో ఎన్నటికీ తెలియదు. అందుకని దుమ్మును అలాగే ఉంచి ముందు ర్యామ్ సంగతి చూశాను. రెండు స్టిక్కులూ తీసి, బంగారు రంగు పళ్లను వాడి జామెట్రీ బాక్సులోని రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు విదిలించి, గుడ్డతో తుడిచాను. కరెంటు వచ్చాక ఒక్కో స్టిక్కును విడిగా పెట్టి చూస్తే రెండూ పలికాయి. రెండూ కలిపి పెడితే తెర నల్లగానే ఉండిపోయింది. మళ్లీ తీసి, ఈసారి రెండు చివర్లా టిక్కుమనేదాకా నొక్కితే 16 జీబీ కనిపించింది. రెండు స్టిక్కులు జంటగా పనిచేస్తే ప్రాసెసర్‌కూ మెమరీకీ నడుమ దారి కూడా రెట్టింపవుతుంది. డీడీఆర్3-1600 ఒక్క దారిలో సెకనుకు 12.8 జీబీ పంపితే రెండు దారుల్లో 25.6 పంపుతుంది. పేజ్ ఫైల్‌ను కూడా ఎస్‌ఎస్‌డీకి తెచ్చాను. పరీక్ష నడిపితే బిగుసుకుపోవడం దాదాపు మాయమైంది. సగటు మాత్రం 51.

ఇక మధ్యాహ్నం భోజనం తరువాత, ఫ్యాన్, హీట్ సింక్ కలిసిన కూలర్ పని పెట్టుకున్నాను. ఇంటెల్ పెట్టెలో వచ్చే ఆ కూలర్‌ను మదర్‌బోర్డుకు పట్టి ఉంచేవి నాలుగు ప్లాస్టిక్ కాళ్లు. తిప్పి లాగబోతే వాటిలో ఒకటి నేను ముట్టుకోకముందే పైకి లేచి ఉంది. అంటే హీట్ సింక్ ఒక పక్కన ప్రాసెసర్‌ను సరిగా ఆనడమే లేదు. కింద, రెంటి నడుమ వేడిని దాటించే పేస్టు ఎండిన సున్నంలా పొరలు పొరలుగా రాలింది. పదేళ్లలో ఒక్కసారీ మార్చలేదు మరి. టవర్ క్లాక్ వైపు ఆదివారమైనా తెరిచి ఉన్న మొబైల్ రిపేరు కొట్టులో చిన్న ట్యూబు పేస్టు, బోర్డులు తుడిచే ద్రావణం కొంచెం దొరికాయి. ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకుని పంపు కొట్టాం, ఎందుకంటే బలమైన గాలికి అది విడ్డూరమైన వేగంతో తిరిగి పాడయ్యే ప్రమాదం ఉంది. గట్టిపడిన దుమ్ము పంపుకు లొంగలేదు; పాత టూత్ బ్రష్షుతో గీకవలసి వచ్చింది. ప్రాసెసర్ తుడిచి, బియ్యపు గింజంత పేస్టు నడుమన పెట్టి, కూలర్ కూర్చోబెట్టి, కాళ్లను ఎదురెదురు మూలలుగా ఒక్కొక్కటే నొక్కాను. నాలుగో కాలు కూర్చునేటప్పుడు బోర్డు వంగిన చప్పుడుకు నా గుండె ఒక్కసారి ఆగినంత పనైంది.

వేడి 72 దగ్గర నిలిచింది. వేగం 3.2 కిందికి దిగలేదు. సగటు 68.

కుర్రవాడు కేక వేశాడు. నాకు ఇంకో ప్రశ్న మిగిలింది కాబట్టి మళ్లీ 720కి దించి నడిపాను: 69. అంటే ఇప్పటికీ ముందు అలసిపోయేది ప్రాసెసరే, కాకపోతే ఇది మట్టివల్ల వచ్చిన అలసట కాదు, నాలుగే కోర్లు, నాలుగే థ్రెడ్లు (ఒకేసారి చేయగల పనుల వరుసలు) ఉన్నందువల్ల వచ్చినది. ఆటలో జనసాంద్రత తగ్గిస్తే 75 దాకా పోయింది; నీడలను పెంచితే కార్డు పని పెరిగింది గానీ సగటు చెక్కుచెదరలేదు. మానిటర్ 60 హెర్ట్జ్‌దే కాబట్టి 60 దగ్గర కట్టేసి వదిలేశాను. ఇదే సాకెట్‌లో ఎనిమిది థ్రెడ్ల ఐ7-4790 పాతది దొరికితే కూర్చుంటుంది, కానీ దానికి డబ్బు పెట్టడానికి మనసు రాలేదు. ఎందుకంటే విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14 వరకే. విండోస్ 11 ఒప్పుకునే ఇంటెల్ ప్రాసెసర్ల జాబితా, ఒకటీ అరా మినహా, ఎనిమిదో తరం నుంచి మొదలవుతుంది, మాది నాలుగోది.

ఆటలో కొత్త ప్రాంతంలోకి దూసుకుపోతే ఒక చిన్న తడబాటు ఇంకా ఉంది. ఆట ఇప్పటికీ హార్డ్ డిస్కులోనే ఉంది, 120 జీబీల ఎస్‌ఎస్‌డీలో విండోస్ పోగా మిగిలిన చోట అది పట్టదు. ఆ పని జీతం వచ్చాక చూడాలి.

రాత్రి నాయనకు ఫోన్ చేసి, ఫిల్టరు కడిగినానని చెప్పాను. "మట్టి ఎంత వచ్చింది?" అని అడిగాడు. గుప్పెడు ఉంటుందన్నాను. తమ జాలీలో దోసెడు వచ్చిందని చెప్పి, ఫోన్ పెట్టేశాడు.