వివాల్డీ చర్చిలో అన్నా మరియా

వెనిస్‌లో సంగీతకర్త వివాల్డీ పేరు తగలకుండా ఓ వీధి దాటడం కష్టం. హోటల్ బల్లల మీద, గోడల మీద, పాతకాలపు విగ్గులు పెట్టుకుని టికెట్లు అమ్మేవాళ్ల చేతుల్లో, ఎక్కడ చూసినా ఆయన బొమ్మే. నాతో వచ్చిన మా అక్క విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్న మనిషి. ద్వారం వెంకటస్వామినాయుడు గారు ప్రిన్సిపాల్‌గా చేసిన కాలేజీ అని ఇప్పటికీ ఛాతీ విరుచుకుంటుంది. అందుకని ఆ ఊళ్లో పడవ షికారు కంటే ముందు పియెతా చర్చికే వెళ్లాం.

సాన్ జక్కరియా రేవులో నీటి బస్సు దిగితే నాలుగు నిమిషాల నడక. తెల్లరాయి ముఖభాగం, ఎదురుగా నీళ్లు. అందరూ దాన్ని వివాల్డీ చర్చి అంటారు. ఆయన మాత్రం దాన్ని చూడనేలేదు. 1741లో వియన్నాలో చనిపోయాడు. వాస్తుశిల్పి జార్జో మస్సారి దీన్ని కట్టడం మొదలుపెట్టింది 1745లో, పూర్తయింది 1760లో. ఆ తెల్లరాయి ముఖభాగమైతే 1906లో గానీ పూర్తికాలేదు. వివాల్డీ పాఠాలు చెప్పిన పాత భవనాల చోట ఇప్పుడో హోటల్ ఉంది.

లోపల తల పైకెత్తితే చిత్రకారుడు తియెపోలో వేసిన చిత్రాలు, రెండు పక్కలా గోడలకు జాలీ కట్టిన మేడలు. నా కళ్లు ఆ జాలీల మీదే ఆగిపోయాయి. పియెతా అంటే అనాథ పిల్లల ఆశ్రమం, 1346 నాటిది. చర్చి పక్క సందులో గోడకి ఓ పాత రాతి ఫలకం ఉంది. పెంచే స్తోమత ఉండి కూడా బిడ్డల్ని ఇక్కడ వదిలేసేవాళ్లకి శాపం తగులుతుందని 1548 నాటి పోప్ ఆజ్ఞ. స్తోమత లేనివాళ్లు గోడకున్న చిన్న గూట్లో బిడ్డను పెట్టి వెళ్లిపోయేవారు. కొందరు సగానికి కోసిన పతకమో బొమ్మో కూడా ఉంచేవారు, ఎప్పుడైనా రెండో సగంతో వచ్చి బిడ్డను అడుగుదామని.

అలా వచ్చిన ఆడపిల్లల్లో గొంతు, చెయ్యి బాగున్నవాళ్లని ఏరి సంగీతం నేర్పేవారు. 1703లో అప్పుడే ఫాదరీ అయిన వివాల్డీ వాళ్లకి వయొలిన్ మాస్టారుగా చేరాడు. ఏడాదికి 60 డుకట్ల (అప్పటి వెనిస్ నాణేల) జీతం. 1709లో పాలకమండలి ఓటు వేసి తీసేసింది, 1711లో మళ్లీ పిలిచింది. 1723 నుంచి నెలకి రెండు కాన్చెర్టోలు (ఒక వాద్యం ముందుండగా బృందం తోడు సాగే రచనలు) రాసివ్వాలని, ఊళ్లో ఉంటే వాటిని పిల్లల చేత సాధన చేయించాలని ఒప్పందం. ఊళ్లో ఉంటే అన్న మాట ఊరికే పెట్టలేదు. ఆయన కాళ్లు ఒకచోట నిలిచేవి కావు.

కదలనిది ఆ ఆశ్రమంలోనే పెరిగిన అన్నా మరియా. 1696 ప్రాంతంలో పుట్టింది, ఇంటిపేరు లేదు. కాబట్టి వయొలినే ఇంటిపేరైంది: అన్నా మరియా దాల్ వయొలిన్. చెల్లో (పెద్ద వయొలిన్ లాంటిది), థియోర్బో (పొడవాటి మెడ ఉన్న తంత్రీ వాద్యం), హార్ప్సికార్డ్ (పియానో లాంటి పాత వాద్యం), మాండొలిన్ కూడా వాయించేది. చిన్నపిల్లలకి పాఠం చెప్పేదీ, బృందాన్ని ముందుండి నడిపేదీ ఆమే. యూరప్ నలుమూలల నుంచీ వచ్చినవాళ్లు జాలీ ఇవతల కూర్చుని విన్నారు, ఎవరికీ మొహం సరిగా కనిపించలేదు. పెళ్లి చేసుకుని బయటికి పోతే మళ్లీ నలుగురిలో వాయించకూడదన్న షరతుండేది. ఆమె వెళ్లలేదు. ఈ చర్చి పూర్తయ్యేనాటికి అరవై దాటాయి, 1782లో ఆ ఆశ్రమంలోనే పోయింది. నన్నడిగితే ఇది ఆమె చర్చి.

సాయంత్రం అక్కడే కచేరీ. పదిమంది లోపే వాద్యకారులు, కర్ర పట్టుకుని ముందు నిలబడే కండక్టర్ లేడు. మొదటి వయొలిన్ ఆవిడ ఊపిరి బిగపట్టి వాద్యం కొన కాస్త పైకెత్తగానే అన్ని కమాన్లూ ఒక్కసారి దిగాయి. చెల్లో ఆయన తప్ప అందరూ నిలబడే వాయించారు.

"ఏమే, వీళ్లకి కాళ్లు పీకవూ?" అంది అక్క చెవిలో. చీలమండ మీద వయొలిన్ ఆనించి గంటలకొద్దీ కూర్చున్న అలవాటు మరి. చివర్లో మాత్రం అందరికంటే ముందు తనే లేచి చప్పట్లు కొట్టింది.

మర్నాడు సాన్ స్తెఫానో మైదానం వైపు నడిచాం. దగ్గర్లో పిసానీ భవంతిలో వెనిస్ సంగీత కళాశాల ఉంది. అన్నా మరియా వాయించుకున్న కాన్చెర్టోల చేతిరాత పుస్తకం దాని గ్రంథాలయంలోనే దాచారు. అందులో ఎక్కువ భాగం వివాల్డీవే. మాకు లోపలికి అనుమతి లేదు, గేటు దగ్గరే ఈ సంగతంతా అక్కకి చెప్పాను.

"అన్ని ఆవిడ కోసమే రాశాడంటే, ఆ చేతికి ఏం పలుకుతుందో చూసుకునే రాసుంటాడు. అందులో సగం సంగీతం ఆవిడదేనే" అంది.

సగం ఎక్కువేమో అన్నాను. రైలు స్టేషన్ దాకా వాదిస్తూనే ఉంది.